గంటపూల మేస్త్రి

మా పక్కింటి బండల మేస్త్రి పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశారు. ఆయన పరిచిన బేతంచెర్ల బండల మీద కర్నూలులో చాలామంది నడుస్తున్నారు. నేను మాత్రం ఆయన పూల గురించి రాస్తాను.

ఒకసారి బెంగళూరుకు పనికి పోయి, చిటికెడు విత్తనాలు పొట్లం కట్టి తెచ్చారు. "గంటపూలమ్మా" అన్నారు గోడ అవతలినుంచి.

"గంటసేపు ఉండే పూలకు ఇంత తంటాలెందుకు మేస్త్రీ?" అన్నాను.

ఆయన గోడ పట్టుకొని నవ్వారు. "ఇంత సదువు సదివి ఇదేందమ్మా! చర్చి గంట మాదిరి ఉంటాయి. ఒకసారి పూస్తే శానా దినాలు ఉంటాయి."

మన ఎండకు అవి బతకవని తేల్చి చెప్పాను. ఆయన వాదించలేదు. మధ్యాహ్నానికి మా మేడ నీడ ఆయన పెరట్లో పడుతుంది. పొద్దుటి ఎండ, ఆపైన ఆ నీడ. అంతే చాలన్నారు. కార్తీకంలో కుండీల్లో విత్తనం చల్లి, మన్ను కప్పకుండా అరచేత్తో మెల్లగా అదిమేవారు. మాఘానికల్లా నీలిపూలు. "నీడ నీది, పువ్వు నాది" అనేవారు.

ఈ ఏడాది మొక్కలు మొగ్గ తొడిగే వేళకు ఆయన మంచాన పడ్డారు. ఈసారి పువ్వు చూస్తానో లేదోనన్నదే ఆయన దిగులు. కుండీల బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను. రోజూ పదిన్నరకు వాళ్ల వసారా నీడలోకి జరపాలని నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్కరోజు తప్పలేదు. చలి తగ్గి ఎండ ముదిరింది, నా పదిన్నర మాత్రం మారలేదు. ఆకుల అంచులు మాడాయి.

వెళ్లి చెప్పాను. మంచంలోంచే గదమాయించారు.

"గడియారం చూస్తాండావా? గడియారానికి ఎండ తగలదమ్మా! ఆకు మీద చెయ్యి పెట్టు. వేడి తగిలితే జరుపు."

నన్ను తప్పు పట్టే ధైర్యం మా ఇంట్లో కొడుకులకూ లేదు, మనవలకూ లేదు. ఆయనకు ఉంది. అందుకే నేర్చుకున్నాను. ఆ పేజీ కొట్టేసి, ఆకు చెప్పినట్టు చేశాను. ఒకరోజు తొమ్మిదికే జరిపితే, మబ్బు పట్టిన రోజు అసలు కదపలేదు. ఐదు కుండీల్లో మూడు పోయాయి. రెండు నిలిచాయి.

మొదటి పువ్వు విచ్చిన పొద్దున ఆ కుండీని రెండు చేతులా పట్టుకొని వెళ్లాను. ఆయన మొదట పువ్వు వైపు చూడలేదు. వేలు మన్నులోకి దించారు.

"తడి సరిగ్గా ఉండాది" అన్నారు.

ఆ తరువాతే పువ్వు వైపు తిరిగి, చాలాసేపు చూశారు. గోటి కింద చేరిన మన్ను తుడవడానికి ఆయన భార్య తడిగుడ్డ తెచ్చింది.

"ఉండనీలే" అని ఆయన పిడికిలి మూసుకున్నారు.