లంటానా కంపకు పసుపు రాశారు

పోయినేడు వానలకి డుంబ్రిగుడ దగ్గర మా చేనుగట్టు మీది ఉసిరి మొక్కల్ని లంటానా కంప కమ్మేసింది. కూలీలు కంపతోపాటు ఉసిరినీ నరికేస్తారని భయమేసి, కొట్టాల్సిన కంపలకు గుర్తుగా నా పాత ఎర్రచీర చింపి పీలికలు కట్టాను. దీనికోసం కొత్త గుడ్డ కొంటామా?

మర్నాడు వెళ్లేసరికి కూలీలు కత్తులు పక్కన పెట్టి, ఆ కంపలకు పసుపు రాసి దండాలు పెడుతున్నారు!

"ఏటర్రా, కొట్టరేటి?" అని గద్దించాను.

"ఎర్రగుడ్డ కట్టిన సెట్టు అమ్మోరిది మామ్మా, కత్తెయ్యకూడదు."

"అది నా సీరర్రా!"

"అమ్మోరికి నీ సీరెట్టావా? మంచి పని సేసావు" అని నాకూ దండం పెట్టారు.

ఇక చేసేది లేక పీలికలన్నీ విప్పి ఉసిరి మొక్కలకు కట్టి, "అమ్మోరు ఇటొచ్చీసింది, బేగి ఆ కంప కొట్టండి" అన్నాను. సాయంత్రానికి కంప వేళ్లతో సహా పోయింది. ఉసిరి ఆకు కూడా రాలలేదు.

ఇప్పుడు ఆ దారిన వెళ్లినప్పుడల్లా, నలుగురూ చూస్తారని, నా పాత చీరకు నేనే దండం పెట్టుకుంటున్నాను.