తెరిచి ఉన్న తలుపు కొట్టే మనిషి

మా బాబాయి కొట్టకుండా ఏ తలుపూ తీయడు. వేళ్ళు మడిచి, మెల్లగా రెండుసార్లు. బీరువా అయినా అంతే, ఫ్రిజ్ అయినా అంతే. "లోపల పాలప్యాకెట్ తప్ప ఎవరూ లేరు, తీయండి," అంటుంది పిన్ని. పెళ్ళయిన కొత్తలో బాత్రూంలోంచి బయటికి రావడానికి కూడా లోపలినుంచి కొట్టేవాడట.

ఆయనా నేనూ ఒకే ఆఫీసు. ముసలివాళ్ళకీ జబ్బుమనుషులకీ పనికొచ్చే వస్తువులు డిజైన్ చేస్తాం. అక్కడా ఇదే తంతు. కొత్త డ్రాయింగు పరిస్తే బల్ల మీద రెండుసార్లు కొట్టి, "వీళ్ళింట్లోకి వెళ్తున్నాం కదా, రమ్మన్నారా?" అని అడుగుతాడు. మంచి చేయడానికి కూడా పిలుపు కావాలా అని మేనేజరు విసుక్కునేవాడు.

"దొంగలకైతే అక్కర్లేదు. మనకి కావాలి," అనేవాడు బాబాయి.

ఈమధ్య మాత్రల డబ్బా ఒకటి చేశాం. పొద్దున ఎనిమిదిలోగా మూత తీయకపోతే పిల్లల ఫోనుకి కబురు వెళ్తుంది. ఎదురుసందులో ఒక్కతే ఉండే టైలరమ్మకి ముందుగా ఇచ్చి చూశాం. ఒక్కరోజూ తప్పలేదు. మేనేజరు సంబరపడి అందరికీ కాఫీ ఇప్పించాడు. బాబాయి తన కాఫీ వదిలేసి ఆవిడ దగ్గరికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను.

బార్లా తెరిచి ఉన్న తలుపు కొట్టాడు. ఆవిడ మిషను ఆపి, నవ్వి, రమ్మంది. డబ్బాతో ఇబ్బందేమైనా ఉందా అని అడిగాడు.

"మూత తీస్తున్నాను బాబూ. మాత్ర వేసుకోవట్లేదు."

బీపీ మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా కళ్ళు తిరుగుతాయట, సూదిలోకి దారం ఎక్కదట. మూత తీయకపోతే కూతురు వచ్చి తనింటికి తీసుకుపోతుందట. అక్కడ మిషనుకి చోటు లేదు.

"మీ అమ్మాయికి చెప్పమంటారా?"

"వద్దు."

"డాక్టరుకి?"

ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

దారిలో నాకు కోపం వచ్చింది. "ఆవిడకేమైనా అయితే? పూచీ ఎవరిది బాబాయ్?"

"మనదే," అన్నాడు. "మాత్ర మానడం ఆవిడ ఇష్టం. ఉత్త మూత తీసి మూయడం మాత్రం మనం నేర్పిందే."

ఆ సాయంత్రం ఫ్రిజ్‌ని కొట్టకుండా తీశాడు. పిన్ని కంగారుపడి నుదురు పట్టి చూసింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే, టైలరమ్మ గుమ్మంలో కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతున్నాడు. మాత్ర మార్చమని డాక్టర్ని అడుగుదాం రమ్మంటే, సాయంత్రానికి ఇవ్వాల్సిన చొక్కాలున్నాయి, తీరిక లేదందట. అందుకని ఈ సాయం. గుండీతోపాటు తను వేసుకున్న చొక్కా అంచు కూడా కలిపి కుట్టేసుకున్నాడు.

ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. కత్తెరతో రెండింటినీ విడదీసింది.

"ఇంకోటి పాడుచేయకముందే పద నాయనా," అని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.