ఎండిన గుంటకు వచ్చిన రోగం

నా భార్య ఫేబీ ఇంట్లో తన పని గురించి మాట్లాడటం మానేసిన రోజు నాకు బాగా గుర్తుంది. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, ఈరోజు ఎవరి రొయ్యలు వచ్చాయని ఎప్పట్లాగే అడిగాను. ఆమె అన్నం వడ్డిస్తూ ఆగి, "మీకెందుకు?" అంది. ఆ గొంతులో కోపం లేదు. జవాబు నిజంగానే కావాలన్నట్టు నా ముఖం వైపు చూసింది.

ఆమె పోయి పద్నాలుగు నెలలయింది. నెల్లూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులుండి పోయింది. ఆ తొమ్మిది రోజులు నాకు అంతగా గుర్తులేవు. అంతకు నాలుగేళ్ళ ముందటి ఆ వేసవి మాత్రం ఏ రోజుకారోజు గుర్తుంది.

ఫేబీ ఇందుకూరుపేటలో ఒక రొయ్యల ల్యాబులో పనిచేసేది. పరీక్షలు చేసేది అబిగయీలు అనే అమ్మాయి. రిపోర్టులు తయారు చేయడం, కంప్యూటర్లు చూసుకోవడం ఫేబీ పని. రైతులు ఐసు పెట్టెల్లో నాలుగైదు రొయ్యలు తెచ్చి ఇస్తారు. గుంటలో తెల్లమచ్చ రోగం ఉందో లేదో పరీక్షలో తేలుతుంది. రోగం ఉంటే ఆ గుంట వారం నిలవదు, ఉన్నది ఉన్నట్టు పట్టి అమ్ముకోవాల్సిందే. ఆ సంగతి కొనేవాడికి ముందే తెలిసిందంటే రైతు అడిగిన రేటుకు విలువుండదు.

అందుకే ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. ఫలితం ఫోనులో చెప్పరు. మర్నాడు పొద్దున తొమ్మిదికి రైతు తనే రావాలి. ఫేబీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చేతిలో పెట్టేది. అతను గోడ వైపు తిరిగి చదువుకునేవాడు. అక్కడున్న మిగతా రైతులు అంతసేపూ తమ ఫోన్లు చూసుకునేవాళ్ళు. చదివినవాడి ముఖం చూడకపోవడం అక్కడి మర్యాద.

ఆ వేసవిలో ఫలితాలు ముందే బయటికి పోవడం మొదలైంది. మొదట గొడవ పెట్టింది హజరత్తయ్య. మైపాడు రోడ్డులో ఆయనకు రెండు గుంటలున్నాయి. ఆరోజు ఆయన కాగితం తీసుకుని మడత కూడా విప్పలేదు.

"ఇందులో ఏముందో నాకు తెలుసమ్మా. తెల్లారే లోపల ఏజెంటు వచ్చి నా గట్టు మీద నిలబడుండాడు. రోగం నా గుంటకొచ్చిందా, నీ నోటికొచ్చిందా?"

నెల తిరక్కుండానే ఇంకో రెండు రిపోర్టులు అలాగే బయటపడ్డాయి. ల్యాబు యజమాని జ్ఞానప్రకాశం గారు మా చర్చి సంఘంలో పెద్ద, గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఇంకొక్కటి బయటపడితే నిన్ను ఉంచుకోలేనమ్మా అని మెల్లగానే చెప్పి, ఆమే రాజీనామా రాసిస్తే బాగుంటుందని కూడా అన్నారట.

అందరూ ఆమెనే అనుమానించడానికి ఒక కారణముంది. మా అన్న జకరయ్య మైపాడులో రొయ్యలు కొనేవాళ్ళ దగ్గర ఏజెంటు. హజరత్తయ్య గట్టు మీదికి వచ్చినవాడు మా అన్న కాదు గాని, ఏజెంట్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఆ ఆదివారం ఆరాధనలో ఫేబీ పక్కన ఎప్పుడూ కూర్చునే పేరమ్మ రెండు వరుసలు ముందుకెళ్ళి కూర్చుంది. ఆమె కొడుక్కి విడవలూరు దగ్గర ఒక గుంట ఉంది.

మూడో రిపోర్టు బయటపడినప్పుడు అబిగయీలు వారం సెలవులో ఉంది. ఇక అనుమానానికి మిగిలింది జ్ఞానప్రకాశం గారు, ఫేబీ. అన్నం దగ్గర ఆమె చెప్పే కబుర్లు వినేవాణ్ణి కాబట్టి, నేను కూడా.

ఆమె తన ఫోను తాళం మార్చింది. నేను ఫోను పట్టుకుని వసారాలోకి వెళ్తే, లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయేది. నేనూ తక్కువ తినలేదు. ఒకరోజు ఇందుకూరుపేట బస్టాండులో ఆమె మా అన్నతో మాట్లాడుతూ కనిపించింది. అన్న ఎటో చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు. నేను బస్సులో కూర్చుని ఉన్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి అడగలేదు, ఆమే చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు.

అలా రెండు వారాలు గడిచాక ఒక సాయంత్రం, నేను అడగకుండానే, "హజరత్తయ్య గారి రెండో గుంటకు కూడా తెల్లమచ్చ వచ్చింది, పాపం" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నా మీద నమ్మకం మళ్ళీ కుదిరిందనుకున్నాను. ఆ గుంటలో రొయ్యలు పది రోజుల కిందటే పట్టి అమ్మేశారని నాకు తెలియదు.

అదే వారం ఆమె ఇంకో పని చేసింది. విడవలూరు చెంచులక్ష్మి గుంటకు తెల్లమచ్చ ఉందని ఒక దొంగ రిపోర్టు తయారు చేసి, కంప్యూటర్లో పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. మూడో రోజు చెంచులక్ష్మి ల్యాబుకు నవ్వుకుంటా వచ్చింది.

"ఫేబక్కా, పొద్దున్నే ఎవుడో ఫోను చేసినాడు. మీ గుంటకు తెల్లమచ్చంట గదా, రొయ్య పోయేదాకా చూడబాకండి, మేం తీసుకుంటాం అన్నాడు. మా గుంటలో నీళ్ళు తీసేసి నెల కావస్తుండాది. నెర్రెలిచ్చిన మట్టికి రోగం ఎట్టొచ్చినాది సామీ అంటే ఫోను పెట్టేసినాడు."

ఫేబీ ఆమెతో పాటు నవ్వలేకపోయిందట. ఆ రిపోర్టు సంగతి తెలిసిన మనిషి లోకంలో తనొక్కతే. తను ఎవరికీ చెప్పలేదు. ఇక చెప్పింది కంప్యూటరే.

ల్యాబు మూలగదిలో ఒకే ఒక పెద్ద కంప్యూటరు ఉండేది. చెన్నై వాళ్ళు పెట్టిన సాఫ్టువేరు ఒకటి ఆ ఒక్కదాన్నే మూడు కంప్యూటర్లలా పనిచేయించేది. వాటిలో ఒకటి రిపోర్టులది. దాని పాస్‌వర్డు ఫేబీకి, జ్ఞానప్రకాశం గారికి తప్ప ఎవరికీ తెలియదు. అయితే కరెంటు పోయినప్పుడు రిపోర్టులు పాడవుతున్నాయని, రోజూ సాయంత్రం ఐదున్నరకు వాటి నకళ్ళు ఆ మూడింటినీ మోసే పెద్ద కంప్యూటర్లోకి చేరేట్టు ఫేబీ ఏర్పాటు చేసింది. ఆ పెద్ద కంప్యూటరును నడిపే వెబ్ పేజీకి కూడా పాస్‌వర్డు ఉంది కదా అని ధీమా.

చెన్నైకి ఫోను చేస్తే, ఆ సాఫ్టువేరు పాత రకమనీ, అందులో ఎప్పటినుంచో ఒక లోపముందనీ అక్కడి ఇంజనీరు తాపీగా చెప్పాడు. ఆ పేజీ అడ్రసు చివర, పై ఫోల్డరుకు పో, ఇంకా పైకి పో అని చుక్కలూ గీతలూ వరసగా కొట్టి, కావలసిన ఫైలు పేరు రాస్తే చాలు. పాస్‌వర్డు అడగకుండానే ఫైలు తీసి ఇచ్చేస్తుంది. దానికి మందు ఏనాడో వచ్చిందట. నడుస్తున్నదాన్ని కదపడమెందుకని వాళ్ళు వేయలేదట.

ఒక్క సంగతి మాత్రం ఫేబీని పట్టి పీడించింది. ఆ లోపం లోపల ఏమేం ఫైళ్ళున్నాయో చూపించదు. పేరు అక్షరం పొల్లుపోకుండా చెప్పినవాడికే ఇస్తుంది. మరి ఆ పేర్లు బయటివాడికి ఎలా తెలిశాయి?

ఆ ప్రశ్నకు జవాబు ఆమే. ఒకే పేరున్న రైతులు ముగ్గురు నలుగురు ఉండటంతో కాగితాలు తారుమారవుతున్నాయని, రెండేళ్ళ కిందట ఆమె ఫైళ్ళకు మనుషుల పేర్లు తీసేసి గుంట నెంబరు, తేదీ పెట్టింది. గుంట నెంబరు ప్రతి గట్టు మీదా రేకు బోర్డు మీద రాసి ఉంటుంది. మైపాడు రోడ్డులో మోటారు సైకిలు మీద పోయేవాడెవడైనా చదువుకోవచ్చు.

పెద్ద కంప్యూటర్లో ఎవరు ఎప్పుడు ఏం అడిగారో రాసి ఉండే చిట్టా తీసి చూసింది. రోజూ ఐదున్నర దాటగానే, ల్యాబు ఉన్న ఆ మేడలో నుంచే ఎవరో ఒక్కో బోర్డు నెంబరూ వరసగా అడుగుతూ పోయారు. బయటపడిన ప్రతి రిపోర్టూ అందులో ఉంది, చెంచులక్ష్మిది కూడా. మేడకంతా ఒకటే ఇంటర్నెట్ లైను, పైన మూడు ఆఫీసులు. వాటిలో రొయ్యలు కొనేవాళ్ళది ఒకటి. అది వాళ్ళ పనేనని రుజువు చేయడం ఎవరివల్లా కాలేదు. వారం తిరక్కుండా వాళ్ళు ఆఫీసు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

జ్ఞానప్రకాశం గారు శనివారం రైతుల్ని పిలిచారు. లోపం సాఫ్టువేరుది, తప్పు చెన్నై వాళ్ళది, అంతవరకు చెప్పు చాలు, అది అబద్ధమేమీ కాదు కదా అని ఫేబీకి ముందే నచ్చజెప్పారట. నన్నూ రమ్మంటే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

ఆమె హజరత్తయ్య ఫోను అడిగి తీసుకుంది. మేడ ఇంటర్నెట్‌కు కలిపి, ఆ అడ్రసు కొట్టి, ఫోను ఆయన చేతికిచ్చింది. ఆయన రిపోర్టు ఆయన ఫోనులోనే తెరుచుకుంది. అక్కడున్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు వంగి చూశారు.

"కంత సాఫ్టువేరులో ఉండాది. దాంట్లో నా తప్పు లేదు," అంది ఫేబీ. "కానీ ఆ కంతలో చెయ్యి పెట్టినోడికి అందేట్టు పేర్లు పెట్టింది నేనే. మీ గట్టు మీద బోర్డు నెంబర్లే పెట్టినా. ఆ పొద్దు నాకు తోచలేదు."

జ్ఞానప్రకాశం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. హజరత్తయ్య ఫోను జేబులో పెట్టుకుని, "మరి మీ బావ?" అన్నాడు.

"ఆయన్నీ అనుమానించినా. బస్టాండులో నిలేసి అడిగినా. మా ఆయన్ను కూడా అనుమానించినా, అదిగో, అక్కడే నిలబడుండాడు."

అందరూ తలుపు వైపు తిరిగి నవ్వారు. "అయితే మాకంటే నువ్వే ఎక్కువ దొంగల్లాగ చూసినావు అందర్నీ," అన్నాడు హజరత్తయ్య. నవ్వలేదు గాని, కూర్చున్నాడు. సాఫ్టువేరు బాగయ్యేదాకా నా రిపోర్టు చేత్తో రాయి, దాంట్లో పెట్టబాక అన్నాడు. దానర్థం రొయ్యలు మళ్ళీ ఇక్కడికే తెస్తాడని. రాజీనామా మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక ఆమె నాకు హజరత్తయ్య రెండో గుంట సంగతి చెప్పింది. అది నా ఒక్కడి కోసం వేసిన ఎర అనీ, ఎనిమిది రోజులు చూసినా ఆ మాట ఎక్కడికీ పోలేదనీ. నాకు ఒళ్ళు మండింది. "పోయుంటే ఏం చేసేదానివి?" అన్నాను.

"తప్పు నాదేనని ప్రకాశం గారికి రాసిచ్చి మానేసేదాన్ని. మీ పేరు చెప్పేదాన్ని కాదు."

చెప్పవలసింది ఒకటుంది. హజరత్తయ్య గుంట కబురు ఆమె చెప్పిన సాయంత్రమే నేను అన్నకు ఫోను చేశాను. అమ్మడానికి కాదు, మోసానికీ కాదు. ఇంట్లో మళ్ళీ మాటలు మొదలైన సంతోషంలో, ఎవరితోనో ఒకరితో ఏదో ఒకటి చెప్పాలనిపించి చేశాను. అన్న ఫోను తీయలేదు. మర్నాటికి ఆ సంగతే మరిచిపోయాను.

ఆ తర్వాత ఆమె నాలుగేళ్ళు బతికింది. అన్నం దగ్గర మళ్ళీ అన్నీ చెప్పేది. నేను వినేవాణ్ణి, ఎక్కడా అనేవాణ్ణి కాదు. ఆ ఫోను సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు.