వదిన చేతి మీది బిళ్ల

మా వదిన ఉద్యోగం కదలకుండా కూర్చోవడం. నవ్వకండి. మొదట్లో నేనూ నవ్వాను. అదేం ఉద్యోగం, మా ఇంటి బీరువా కూడా చేస్తుంది అన్నాను. ఒకసారి సరదాకి ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని నేనూ కూర్చున్నాను. కాసేపటికే మెడ పట్టేసింది, వీపు దురద, ముక్కు దురద, లేని దగ్గు కూడా వచ్చింది. అప్పటినుంచి ఆ ఉద్యోగం గురించి నోరెత్తలేదు.

మా వీధిలో బొమ్మలు గీయడం నేర్పే బడి ఒకటుంది. పిల్లలు చూసి గీయడానికి అక్కడ ఒక మనిషి కావాలి. ఆ మనిషి మా వదిన. శుభ్రంగా ఒంటినిండా బట్ట కట్టుకుని, మాస్టారు ఎలా చెబితే అలా కూర్చుంటుంది, పడుకోమంటే పడుకుంటుంది. ఆయన చప్పట్లు కొట్టేదాకా కదలదు. ముక్కు మీద ఈగ వాలినా అంతే. పిల్లలు ఆవిడకి 'విగ్రహం ఆంటీ' అని పేరు పెట్టారు. ఆ పేరంటే వదినకి లోలోపల మహా గర్వం.

ఇంట్లో చూడాలి ఆవిడని! గుమ్మంలో చెప్పులు విడుస్తూ మొదలుపెడితే మంచం ఎక్కేదాకా నోటికి విరామం ఉండదు. బడిలో దాచుకున్న మాటలన్నీ ఇంటికి మోసుకొచ్చి నా నెత్తిన గుమ్మరిస్తుంది. మా అన్నయ్య కిటికీలకి అద్దాలు బిగించేవాడు. ఆ బడికి అద్దాలు వెయ్యడానికి వెళ్లినప్పుడే, గొడుగు ఇవ్వడానికొచ్చి వరండాలో కూర్చున్న వదినని మాస్టారు చూసి ఈ పనిలోకి పిలిచాడు. "మీ వదిన నోరు మూయించిన మొనగాడు ఈ లోకంలో ఆ మాస్టారొక్కడే" అనేవాడు అన్నయ్య. వాడు పోయాక కూడా వదిన తొందరగానే పనిలోకి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయి ఏం మనిషివి నువ్వు అని అడిగేశాను. "ఇంట్లో ఉంటే ఏడుపొస్తోందే అమ్మాయ్. అక్కడైతే ఏడవకూడదు కదా" అంది.

వాళ్లకి పిల్లల్లేరు, నేను పెళ్లి చేసుకోలేదు. అన్నయ్య పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నా పని బడికి ఎదురుగా ఉన్న కళ్లద్దాల షాపులో. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చుతాను.

వదినకి షుగర్ ఎప్పటినుంచో ఉంది. ఇన్సులిన్ మొదలైన కొత్తలో డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "చాలామందికి షుగర్ పడిపోయేముందు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. మీ వదినగారికి ఆ గుర్తులేవీ రావడం లేదు. ఆవిడకే తెలియదు. పక్కనున్నవాళ్లే కనిపెట్టాలి" అంది. కనిపెట్టకపోతే అని అడిగాను. మనిషి దక్కకపోవచ్చు అని మొహం మీదే చెప్పేసింది. నాకున్నది ఆవిడొక్కతే.

అందుకే ఆ బిళ్ల పెట్టించాం. నాణెమంత ఉంటుంది. చేతి వెనక, భుజానికి కింద అతికిస్తారు. దానికున్న వెంట్రుకంత తీగ చర్మంలోకి దిగి ఉంటుంది. షుగర్ ఎంతుందో అది వదిన ఫోన్‌కి చెబుతుంది, ఆ ఫోన్ నా ఫోన్‌కి చెబుతుంది. డెబ్బై కిందికి పడిపోతే రెండూ ఒకేసారి కూస్తాయి. హమ్మయ్య, ఇక నా గుండె మీద బరువు దిగింది అనుకున్నాను.

దిగడమా! వారం తిరక్కుండానే నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ వారం మాస్టారు వదినని బల్ల మీద ఎడమవైపుకి తిరిగి, చెయ్యి తలకింద మడిచి పడుకోమన్నాడు. షాపులో నా ఫోన్ కూసింది. చూస్తే నలభై నాలుగు. చేతిలో ఉన్న అద్దం అక్కడే పడేసి, జ్యూస్ సీసా పట్టుకుని రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తాను. గదిలోకి వెళ్లేసరికి పిల్లలంతా పెన్సిళ్లు పట్టుకుని నిలబడిపోయి ఉన్నారు. వదిన బల్ల మీద కళ్లు తెరిచి నన్నే చూస్తోంది.

"ఏమైందే? ఎందుకా పరుగు?" అంది తాపీగా.

"నోరు మూసుకుని తాగు" అన్నాను.

తాగించాను. సాయంత్రానికి షుగర్ మూడొందలు దాటింది. మర్నాడూ ఇదే తంతు, ఆ మర్నాడూ ఇదే. ఆ గదిలో, ఆ బల్ల మీద, అలా పడుకున్నప్పుడే అంకె బావిలో చేద జారినట్టు జారిపోయేది. లేచి కూర్చుంటే నెమ్మదిగా పైకొచ్చేది. మనిషిలో మాత్రం తేడా లేదు.

ఆ గది నాకు మొదట్నుంచీ నచ్చదు. ఎత్తయిన కిటికీలు, ఎండ రాని వెలుతురు, గోడవారగా అరల నిండా కళ్లల్లో గుడ్లు లేని ప్లాస్టర్ తలకాయలు. గోడలమీద ఏళ్ల తరబడి గీసిన మా వదినలు. పడుచు వదిన, లావైన వదిన, అన్నయ్య పోయాక చిక్కిన వదిన. ఎటు తిరిగినా ఆవిడే చూస్తుంటుంది. గది ఊడ్చే ముసలామె ఒకనాడు నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"ఏమనుకోకమ్మా. ఇన్నేళ్లుగా వీళ్లు ఆ తల్లిని చూసి చూసి తీసేసుకుంటున్నారు. తలా కాస్త పట్టుకుపోతుంటే మనిషిలో ఏం మిగుల్తుంది చెప్పు?"

"నీ చీపురు పని నువ్వు చూసుకో అవ్వా" అని కసిరాను. కానీ ఆ మాట చెవిలో జోరీగలా పట్టుకుంది. షాపులో అద్దం అరగదీస్తూ ఉంటే, చక్రం కింద ఆ గాజు తరిగిపోవడం చూడబుద్ధి కాలేదు.

మర్నాడు అంకె మళ్లీ జారినప్పుడు జ్యూస్ తాగించకుండా వేలు పొడిచి మీటర్‌తో రక్తంలో షుగర్ చూశాను. ఫోన్‌లో నలభై తొమ్మిది. రక్తంలో నూట ముప్పై. ఒకే మనిషి, ఒకే క్షణం! ఇద్దరు వదినలున్నట్టు నా ఒళ్లు జలదరించింది.

అరికాలి మంట నెత్తికెక్కి ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి నర్సు నా అరుపులన్నీ విని, నిమ్మకు నీరెత్తినట్టు నవ్వింది.

"ఆవిడ ఏ చేతి మీద పడుకుంటారు?"

"ఎడమ."

"బిళ్ల ఏ చేతికుంది?"

"అదీ ఎడమే" అన్నాను.

"ఇది రక్తాన్ని చూడదండీ. చర్మం కింద ఉండే నీటిని చూస్తుంది. ఆ చెయ్యి మీద బరువు పడితే అక్కడికి చక్కెర సరిగా చేరదు. అక్కడ లేదు కాబట్టి ఒంట్లోనే లేదంటుంది. కుడిచేతికి మార్చండి, సరిపోతుంది. ఇంకో సంగతి. రక్తంలో జరిగింది ఆ నీటిలోకి రావడానికి కొంచెం టైమ్ పడుతుంది. షుగర్ గబగబా పడిపోతుంటే ఇది వెనకబడి చెబుతుంది. కొత్త బిళ్ల పెట్టిన మొదటిరోజు అసలు నమ్మకండి. అనుమానమొస్తే వేలు పొడవడమే."

నేను వింటూనే ఉన్నాను, తల కూడా ఊపాను. కానీ సంతోషంలో 'కుడిచేతికి మార్చండి' దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. దయ్యం లేదు, గది మింగడం లేదు, చెయ్యి మార్చుకుంటే చాలు! ఇంటికొచ్చి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. "నీ పరుగు చూడాలే అమ్మాయ్! జ్యూస్ సీసా పట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని!" అని వదిన నా పరుగుని నడవాలో చేసి చూపించింది.

పాత బిళ్ల గడువు అయిపోయిన సాయంత్రం కొత్తది కుడిచేతికి పెట్టించాం. మరుసటి పొద్దున వదిన పనికి వెళ్లింది. ఆవేళ పిల్లలకి పరీక్ష. కుర్చీలో నిటారుగా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఏ చెయ్యీ నలగదు. ఇక నాకు బెంగేమిటి?

మధ్యాహ్నం భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకోవడం ఆవిడకి అలవాటు. ఆవేళ చివరి విరామంలో వేసేసుకుంది. ఇంకొక్కసారి కాసేపు కూర్చుంటే మాస్టారు చప్పట్లు కొడతాడు, వెళ్లి తినెయ్యొచ్చు అనుకుంది. మాస్టారేమో ఆ రోజు ఒళ్లు మరిచిపోయాడు. ఇంత బాగా ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు, పిల్లలూ ఇంత బాగా ఎప్పుడూ గీయలేదు, ఇప్పుడు ఆపడం ఎందుకని చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు వినపడందే మా వదిన కదలదు. పొద్దు వాలినా కదలదు.

నేను షాపులో ఫోన్ చూశాను. నూట నాలుగు. బంగారంలాంటి అంకె! పక్కన కిందికి చూసే బాణం గుర్తు ఉంది కానీ, నూట నాలుగుకి ఏం భయం? ఒక ముసలాయనకి ఫ్రేము బిగించి, చెవుల దగ్గర వదులు సరిచేసి పంపించి మళ్లీ చూశాను. ఎనభై ఎనిమిది. అదీ మంచి అంకే. ఇంకా తినడానికి రాలేదేమిటని ఆవిడ భోజనం డబ్బా నేనే పట్టుకుని బయల్దేరాను. పరుగు కూడా కాదు, నడిచే వెళ్లాను.

తలుపు తీయగానే మాస్టారు పెదాల మీద వేలు పెట్టాడు. నా దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు.

"చూడమ్మా, ఎలా కూర్చుందో! ఇందాకటినుంచి రెప్ప కూడా వెయ్యలేదు. ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ కూర్చోలేదు."

గదిలో కాగితం మీద బొగ్గుపుల్లలు గీరుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. వదిన ముందు కాగితాలు బిగించిన బోర్డులు నిలబెట్టి ఉన్నాయి. నేను నిలబడ్డ చోటి నుంచి వాటి సందుల్లో ఆవిడ మోకాళ్లే కనబడుతున్నాయి. మొహం బోర్డుల మీద కనబడుతోంది. మొదటి బోర్డు చూశాను. గీసిన పిల్ల మూతి చెరిపేసి, మళ్లీ కొంచెం కిందికి గీసింది. పక్క బోర్డులోనూ మూతి దగ్గర చెరిపిన మరక. దాని పక్కదీ అంతే. అందరూ చెరిపారు. అందరూ దవడ కిందికి జార్చారు, కనురెప్ప సగానికి దించారు. ఆవిడ జారుతున్నకొద్దీ దిద్దుకుంటూ పోయారు. ఆ కాగితాల మీది మొహాలన్నీ ఒక చచ్చిన మనిషివి.

"వదినా!"

పలకలేదు. బొగ్గుపుల్లల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ముందుకెళ్లి మొహం చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. భుజం పట్టి కుదిపితే మనిషి మొత్తం పక్కకి ఒరిగిపోయింది. చేతిలో ఫోన్ చూశాను. ఎనభై ఆరు. కూయదు, అరవదు, అంతా బాగుందంటోంది. వేలు పొడిస్తే మీటర్‌లో ముప్పై ఒకటి.

ఆ తర్వాత నేనేం అరిచానో నాకు గుర్తులేదు. పిల్లలు చెప్పారు, మాస్టారిని నానా మాటలూ అన్నానట. అంటే అన్నానులే. ఆవిడని పక్కకి తిప్పి పడుకోబెట్టి, నా సంచిలోని గ్లూకోజు పొడి వేలితో చిగుళ్లకి రాశాను. వదినా, వదినా అంటూనే ఉన్నాను. అంబులెన్స్ వచ్చింది. నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. కొంతసేపటికి కనుగుడ్లు కదిలాయి. నా వైపు తిరిగాయి.

ఆసుపత్రి మంచం మీద దిండుకి ఆనుకుని వదిన నీళ్లు తాగుతుండగా, నా సంచిలో ఫోన్ కూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి. తీసి చూస్తే యాభై రెండు. ఎర్రటి అక్షరాలు, ఆగని కూత. నర్సు పరిగెత్తుకొచ్చి వేలు పొడిచింది. నూట అరవై. మనిషి నా ఎదురుగా నీళ్లు తాగుతోంది. ఆ కుర్చీలో పోతున్న మనిషి కోసం అది ఇప్పుడు కేకలు వేస్తోంది. నేను దాని నోరు నొక్కేశాను.

నర్సు వెళ్లిపోయింది. ఆవిడ మాట్లాడకపోతే నాకు భయంగా ఉంది.

"ఏదో ఒకటి మాట్లాడు వదినా" అన్నాను.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది.

"అన్నీ వినపడుతూనే ఉన్నాయే అమ్మాయ్. బొగ్గుపుల్లలు వినపడ్డాయి. నిన్ను పిలుద్దామనుకున్నాను. కదల్లేకపోతున్నానో, కదలకూడదని ఊరుకున్నానో నాకే తెలియలేదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"మాస్టారు మెచ్చుకున్నాడు కదా, ఇలా ఎప్పుడూ కూర్చోలేదని? అదీ వినపడింది" అంది వదిన. "సంతోషమేసింది కూడా."