ఏడుపు కోసం కాపలా

మా అక్కకి యాభై దాటి చాలాకాలమైంది. మోకాళ్లు మొరాయిస్తున్నా నోరు మాత్రం ఇంకా పాతికలోనే ఉంది. నలుగురు పిల్లల్ని, ఇద్దరు మరుదుల్ని, కొన్నాళ్లు నన్ను కూడా పెంచింది. పిల్లల పెంపకంలో తనకి తానే సాటి అని ఆవిడ నమ్మకం. కాదన్నవాళ్లెవరూ ఆ ఇంట్లో మళ్లీ కాఫీ తాగలేదు.

అలాంటి ఇంట్లో పిడుగు పడింది. ప్రభుత్వం ఆడవాళ్లకి ఉచితంగా బస్సు నడపడం నేర్పి డిపోలో ఉద్యోగం ఇస్తామంది. అక్క కోడలు వెళ్లి పేరు రాయించుకొచ్చింది. అద్దాల దుకాణంలో కొడుక్కి వచ్చే జీతం అద్దెకీ పాలకీ చాలక, నెలాఖరైతే అందరూ ఒకరికొకరు పొదుపు గురించి ఉపన్యాసాలిచ్చుకుంటున్న రోజులవి. ఇలాంటి పథకాలు చాలా చూశాను. పని నేర్పుతారు, చంకలో పిల్లాడి సంగతి మరిచిపోతారు. ఈసారి ఎవరో బుర్రపెట్టి ఆలోచించినట్టున్నారు, డిపో పక్కనే పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం కూడా తెరిచారు.

"నేను బతికుండగా నా మనవడు పరాయివాళ్ల చేతుల్లోనా?" అంది అక్క.

"వాడి వెనక మీరు పరిగెత్తలేకపోతున్నారు కదా అత్తయ్యా," అంది కోడలు మెల్లగా.

అక్క ఎంతో పెద్దమనసు చేసుకున్నట్టు ఒక షరతు పెట్టింది. వారం రోజులు చూస్తుందట. ఒక్కరోజు వాడు ఏడ్చినా కోడలు బస్సు మానేసి ఇంట్లో కూర్చోవాలి. కొడుకు అలవాటు ప్రకారం గోడకేసి చూశాడు. కోడలు సరేనంది.

మర్నాడు అక్క నన్ను వెంటేసుకుని వెళ్లి, ఆ కేంద్రం కిటికీ కింద బెంచీ మీద బైఠాయించి చెవులు రిక్కించింది. లోపల మనవడు కిలకిలా నవ్వుతున్నాడు. మరుసటి రోజూ నవ్వే. అక్క మొహం మాడిపోయింది.

"వెధవ! ఒక్కసారైనా నన్ను తలుచుకోడా?" అంది. పాపం, నిజంగానే నొచ్చుకుంది.

ఆ తర్వాత రోజు ఏడుపు వినిపించింది. అక్క మోకాళ్ల నొప్పి మరిచి ఒక్క ఉదుటున లోపలికి దూసుకెళ్లింది. తీరా చూస్తే ఏడుస్తున్నది ఎవరో పాప. ఆయా పని మానేసిందట. ఉన్న ఒక్క టీచరమ్మ ఇద్దరిని ఒళ్లో పెట్టుకుని మూడోవాడి ముక్కు తుడుస్తోంది.

"పిల్లనలా వదిలేస్తే ఏడవక ఏం చేస్తుంది!" అంటూ అక్క పాపని భుజాన వేసుకుంది. పాప ఇట్టే ఊరుకుంది. మర్నాటినుంచి అక్క లోపలే, బెంచీ మీద నేనొక్కదాన్నే.

గడువు ముగిసే రోజు అక్క ఆ పాపకి అన్నం తినిపిస్తుంటే అన్నాళ్లూ ఆటల్లో మునిగిపోయిన మనవడి కంటపడింది. నాయనమ్మ ఒళ్లో ఇంకెవరో! గిన్నె విసిరేసి, నేల మీద దొర్లుతూ, వీధి చివరిదాకా వినిపించేలా ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. షరతు ప్రకారం కోడలి ఉద్యోగం గోవిందా.

టీచరమ్మ వాడిని ఎలాగో ఊరుకోబెట్టి అక్కతో, "ఆయా పోస్టు ఖాళీగానే ఉందమ్మా. మీరు చేరతారా? పైవాళ్లతో నేను మాట్లాడతాను. నెలనెలా జీతం ఇస్తారు," అంది.

"దేనికి జీతం?" అంది అక్క.

"దీనికే. మీరిప్పుడు చేస్తున్నదానికే."

ఇంటికొచ్చేదాకా అక్క వేళ్ల మీద ఏవో లెక్కలేసుకుంటూనే ఉంది.

సాయంత్రం కోడలు చెప్పులైనా విప్పకుండా అడిగింది. "ఏడ్చాడా అత్తయ్యా?"

"పిల్లలన్నాక ఏడవరా? నువ్వు పుట్టగానే పాటలు పాడావా?" అని కసిరింది అక్క. "రేపు వంట కాస్త పెందలాడే కానియ్యి. నాకూ క్యారేజీ కట్టాలి. నేనూ పనిలోకి వెళ్తున్నా."

కోడలు నమ్మలేక నాకేసి చూసింది. నేను తలూపాను. కోడలు పిల్లాడిని ఎత్తుకుని, ముద్దులతో వాడికి ఊపిరాడకుండా చేస్తూ లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు అక్క నా పక్కన చేరి గొంతు తగ్గించింది.

"ఒసేయ్, ఈ పనికి డబ్బులిస్తారని నీకు ముందే తెలుసా?"

"తెలీదక్కా."

"ఇన్నేళ్లలో నాకూ ఎవరూ చెప్పలేదే," అంది. ఆవిడ మొహం చూసి నాకు ఏడుపు ఆగలేదు.