కనకం భరణం పెంచుకున్న వైనం

శాసనాలు చదవడం నా పాత పిచ్చి. మా ఊరి దగ్గరి పాత రాజధాని రతన్‌పూర్ వెళ్లినప్పుడల్లా, ఇచ్చిన దానం సూర్యచంద్రులున్నంత కాలం చెల్లాలని రాళ్ల మీద చెక్కించే ఆ రాజుల ధీమా తలచుకుంటే నవ్వొస్తుంది. మన కోర్టులు నయం. పిల్లల భరణం ఉత్తర్వుకు అంత ధీమా లేదు. పరిస్థితులు మారాయని చూపిస్తే పెంచుతారు, తగ్గించనూ వచ్చు.

మా హిందీ ఊరి గోల్ బజార్‌లో చీరలకు ఫాల్ కుట్టే కనకానికి ఈ సంగతి ఇన్నేళ్లూ తెలియలేదు. రైలు డ్రైవరైన మొగుడు త్రినాథరావు విడిపోయేనాటికి కూతురు భవిత పలక పట్టిన పిల్ల. ఇప్పుడు తల్లిని మించి పొడుగు. పదకొండో తరగతిలో సైన్సే చదువుతానని మంకుపట్టు. అప్పటి భరణం ఇప్పుడు ఆటోలకే చాలదు. అది పెరగకపోతే సైన్సు మాట మరిచిపోవాల్సిందే. పెంచమని అడగొచ్చని తెలియగానే కనకం దరఖాస్తు పెట్టింది.

కోర్టులో ముందుగా తల్లినీ తండ్రినీ కూతుర్నీ కౌన్సెలర్ ఉషారాణి గదికి పంపారు. ఆవిడా త్రినాథరావు ఉండే రైల్వే కాలనీ ఆడపడుచే.

"మీ పరిస్థితిలో మార్పేమైనా ఉందా?" అని త్రినాథరావును అడిగింది.

"ఏటీ లేదు మేడమ్. అదే డ్యూటీ, అదే రెస్టు."

రైలు నడిపేవాళ్లకు నడిపే బండే బిరుదు. గూడ్సు నుంచి ప్రమోషన్ మీద మెయిలుకెక్కినవాణ్ణి పాత బిరుదుతో పిలిస్తే, పెళ్లిలో అల్లుడికి కుర్చీ వేయనట్టే. మొగుడు మెయిలుకెక్కిన కబురు కనకం చెవిన ఎప్పుడో పడింది.

"పోన్లెండి మేడమ్," అంది జాలిగా. "గూడ్సు డ్రైవరు. సిగ్నలు కోసం పక్కనుండే లూపులైన్లో పడుండే బతుకు. ఆయన కాడ ఏటుంటాది?"

త్రినాథరావు చెవులు ఎర్రబడ్డాయి. "ఎవర్నే గూడ్సంటన్నావు?"

"మిమ్మల్నే. తప్పేటి?"

"మెయిలు! నా బండొస్తంటే గూడ్సులన్నీ పక్కకి తప్పుకోవాల, తెల్సా? కాలనీ అంతా మిఠాయి పంచినాను!"

"అచ్ఛా! మాకు డబ్బా రాలేదేటి?"

భవిత కిసుక్కుమంది. ఉషారాణి రుమాలు అడ్డం పెట్టుకుంది. త్రినాథరావు తానూ పగలబడి నవ్వాడు.

"ఐతే మార్పుందన్నమాట," అంది ఉషారాణి.

"రాసీండమ్మా. కానీ మెయిలనే రాయండి."

తర్వాతి వాయిదాకు జీతం కాగితాలు తానే తెచ్చాడు. జడ్జిగారు భరణం పెంచారు.

మెట్లు దిగుతూ కూతుర్ని ఆపాడు. "సైన్సేనా?"

"హా పాపా. ఫిజిక్స్ భీ," అంది భవిత తండ్రితో, బడి హిందీలో.

"అలాగైతే మెయిలుకి బ్రేకెలా పడతాదో చెప్తాను, ఇను."

"ఇనీసి రాయే," అంది కనకం, ఆటో ఎక్కి కూర్చుంటూ. "మొదలెట్టాడంటే ఆయనకే బ్రేకుండదు."