ఒక్కటి పడితే నడిచిందన్నాడు

గద్వాలలో కంపెనీల కోసం రైతులతో సీడు పత్తి పండించే ఆర్గనైజర్ దగ్గర నేను గింజలు ఏరేదాన్ని. నా బిడ్డ అక్కడే కంప్యూటర్ పని చేసేది. ఎక్సెల్ షీటులోని రైతుల పేర్లను సంచుల చీటీల మీద అచ్చు వేసే ప్రోగ్రామును పైథాన్‌లో రాసింది. తన ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. పైథాన్ లేని చోట కూడా నడిచేలా ఎగ్జీ ఫైలుగా కట్టి ఆఫీసు కంప్యూటర్లో పెడితే మాత్రం నల్లటి తెర వచ్చి రెప్పపాటులో మాయమైంది.

బయట లారీ నిలబడి ఉంది. మధ్యాహ్నంలోపు చీటీలు రాకపోతే పని మానుకొమ్మని ఆర్గనైజర్ పొద్దున్నే బిడ్డకు చెప్పాడు. మూడోసారీ తెర మాయం కాగానే ఆమె చెంప మీద కొట్టాడు. కళ్లద్దాలు ఎగిరి కాటా కింద పడ్డాయి. నేను లేవబోయాను.

"నువ్వు కూసో అమ్మా" అంది బిడ్డ.

పెదవి నెత్తురు చున్నీతో తుడుచుకుని, ఈసారి ఫైలు మీద నొక్కకుండా కమాండ్ టైపు చేసి నడిపింది. తప్పు ఇంగ్లీషులో తెర మీదే నిలిచింది. నేను యాభై ఏళ్లకు నేర్చుకున్నవి తెలుగు అక్షరాలే.

"ఏందంటది?" అని అడిగాను.

"ఒక మాడ్యూల్ లేదంటది. షీటు తెరిచేది గదే. నేను పెద్ద మాడ్యూల్ పేరొక్కటే రాసిన. ఇది దాని ఎంబడి వస్తదనుకున్న."

"మేస్త్రి మన గుంపును రాసిన లెక్కనే రాసినవా?"

వలస గుంపులో మేస్త్రి మగవాడి పేరొక్కటే రాసుకుంటాడు. పెండ్లాం వెంట వచ్చినట్టే. అట్లా పేరు లేకుండా పదేళ్లు మట్టి మోశాను. బిడ్డ ఆ గుడిసెల్లోనే పెరిగింది.

"నా ల్యాప్‌టాప్ల అది ముందే ఉండె, గందుకే నడిచింది. కట్టేటప్పుడు పేరు చెప్పకుంటే ఇడిచిపెట్టి వస్తది."

ఆ పేరు కూడా చేర్చి మళ్లీ ఎగ్జీ కట్టింది. ప్రింటరు చీటీలు కక్కింది.

ఆర్గనైజర్ నవ్వాడు. "చూసినవా ముసల్దానా, ఒక్కటి పడంగనే ఎట్ల నడిచిందో."

నేను అక్షరాలు దిద్దే పలకను నా నెత్తిమీదే పగలగొట్టిన రోజు నా మొగుడూ ఇట్లాగే నవ్వాడు. అప్పుడు ఊరుకున్నాను.

చేతిలోని చాట అంచుతో ఆర్గనైజర్ మొహం మీద కొట్టాను. వెదురు చీలిక కనుబొమ్మను కోసింది.

"నీకు గూడ పడాలె గద సారూ, జర మంచిగ నడుస్తవు" అని మళ్లీ కొట్టాను. మూడో దెబ్బకు హమాలీలు నా జుట్టు పట్టి ఈడ్చి గేటు అవతల పడేశారు. బిడ్డ పగిలిన కళ్లద్దాలతో వెనకే వచ్చింది.

"ఆ ప్రోగ్రామును తీసేసి రావద్దా" అన్నాను.

"నేను లేకున్నా నడిచేటట్టే కట్టిన గదనే" అంది.

లోపల ప్రింటరు ఆగలేదు.